ధనబలము, ఆటబలము: అమెరికా బేస్‌బాలును గూర్చి



అమెరికాలో కొడుకునో కూతురునో కలిగిన యిండ్లు నేడు మన పల్లెలలో కొల్లలుగా నున్నవి. అచ్చటి మనుమలు సెలవులకు వచ్చి అరుగుమీద కూర్చుండి తాతలతో చెప్పు కబుర్లలో బేస్‌బాలను ఆట పేరు తఱచుగా వినబడును. దానితోపాటు ఒక పేచీయు వినబడును. లాస్ ఏంజెలెస్ వారు డబ్బు గుమ్మరించి కప్పు కొనుక్కొన్నారని యొకడనును. డబ్బు బంతిని కొట్టునా, మనుష్యుడు గదా కొట్టవలెనని మఱియొకడు బదులు చెప్పును. నేటి నా ప్రసంగమునకు ఆ పేచీయే విషయము. పిల్లల తగవని దీనిని త్రోసివేయుటకు వీలులేదు. కలవాడును లేనివాడును ఒకే బరిలో దిగినపుడు న్యాయమననేమి యను ప్రశ్న దీనిలో నున్నది. ఆట గావున గెలుపోటముల లెక్కలు బహిరంగముగా నున్నవి. సంసారములో ఇట్టి లెక్కలు దొరకవు.

ఆటను గూర్చి ముందు రెండు మాటలు. క్రికెట్టు నెఱిగినవారికి ఇది దూరపు చుట్టము. ఒకడు బంతి విసరును, ఎదుటివాడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. కొట్టినవాడు మూడు మజిలీలు చుట్టి, నాలుగవదియగు బయలుదేరిన చోటికి మరల చేరినచో ఒక పరుగు. ప్రధానమైన జట్లు 30. అందు టొరంటో జట్టు కెనడా దేశపుది, తక్కినవన్నియు అమెరికావి. ఒక్కొక్కటి ఒక్కొక్క యజమాని సొత్తు, ఒక్కొక్క నగరమునకు కట్టుబడినది. వసంతము మొదలు శరత్తు దనుక ప్రతి జట్టును 162 ఆటలాడును. అందు మేలైన పండ్రెండు అక్టోబరులో పొట్టి పోటీలాడగా, కట్టకడపటి రెండు జట్లకు జరుగు పోటీని వరల్డ్ సీరీస్ అందురు. అది 1903లో మొదలైనది.

ఈ ఆటలో ఒక జట్టు తన ఆటగాండ్రకిచ్చు జీతములకు దాటరాని హద్దు లేదు. ఒక మేరకు మించినచో పన్ను కట్టవలెను, అంతియే. అందుచేత అంతరములు విపరీతముగా పెరిగినవి. 2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వారు జపాను దేశీయుడగు షోహే ఓటానికి పదియేండ్లకు 70 కోట్ల డాలర్లు ఒప్పుకొనిరి. అందు 68 కోట్లు 2034 మొదలుకొని ఇచ్చునట్టి అప్పు. మన షావుకార్లు సైతము ముక్కున వ్రేలు వేసికొనదగిన యేర్పాటు! మఱుసటి డిసెంబరులో న్యూయార్కు మెట్స్ వారు హువాన్ సోటో యనువానికి పదునైదేండ్లకు 76 కోట్ల 50 లక్షలు ఒప్పుకొనిరి. 2025లో డాడ్జర్స్ వారు కట్టవలసి వచ్చిన పన్నొక్కటియే 16 కోట్లకు మించినది. మయామీ జట్టు ఆ యేడు తన వారందఱకును కలిపి యిచ్చిన జీతము దానిలో సగమైనను లేదు. ఆ యేటి కప్పును, అంతకు ముందటి యేటి కప్పును డాడ్జర్స్ వారివే. ఇక సందేహమేమున్నదని మీరనవచ్చును.

తర్కము చదివినవారు అంత తొందరపడరు. పొగకును నిప్పునకును సంబంధము చెప్పవలెనన్న, రెండు వైపుల నుండియు పరీక్షింతురు. ఇది యున్నచోట అదియు నున్నదా? ఇది లేనిచోట అదియు లేదా? అట్లే ఇచ్చటను అడుగుదము. ధనమున్నచోటనెల్ల విజయమున్నదా? ధనము లేనిచోట విజయము లేదా?

మొదటి పరీక్షలో ధనపక్షము తేలిపోవును. సోటోను కొనకముందు, 2023లో, ఆ మెట్స్ జట్టే 30 కోట్ల డాలర్లకు మించిన జీతముల పద్దుతో బరిలో దిగినది. గెలిచినవి 75 ఆటలు, ఓడినవి 87. నడి యేట పేరుమోసిన వృద్ధ వీరులనిద్దఱను ఇతర జట్ల కప్పగించి, వారి జీతములో పెద్ద భాగమును తామే చెల్లించిరి. అనగా కన్యాదానము చేసి కాపురపు ఖర్చులు కూడ భరించినట్లు! ఆ యేడు వరల్డ్ సీరీస్ వఱకు వచ్చిన అరిజోనా జట్టు జీతముల వరుసలో సగమునకు క్రింద నున్నది.

రెండవ పరీక్షకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఓక్లండ్ జట్టు. 2001 ముగియగానే వారి మేటి ఆటగాడు జేసన్ జియాంబీని న్యూయార్కు యాంకీస్ వారు ఏడేండ్లకు 12 కోట్ల డాలర్లిచ్చి తీసికొనిపోయిరి. 2002లో యాంకీస్ జీతముల పద్దు దాదాపు 12 కోట్ల 50 లక్షలు. ఓక్లండ్ వారిది సుమారు 4 కోట్లు. ఇద్దఱును సరిగా 103 ఆటలు గెలిచిరి. ఓక్లండ్ వారు వరుసగా 20 ఆటలు గెలిచి లోకమును విస్మయపఱచిరి. వారి కార్యనిర్వాహకుడు బిల్లీ బీన్ యనునతడు, సంతలో అందఱును తక్కువగా చూచు గుణములను లెక్కల సాయమున కనిపెట్టి చౌకగా కొనెను. కొట్టుటలో ఘనుడు కాకపోయినను ఓపికతో నిలిచి ఎట్లో మొదటి మజిలీ చేరువాడు వానికి మాణిక్యము. మైకేల్ లూయిస్ యను రచయిత 2003లో దీనిపై వ్రాసిన గ్రంథము దేశదేశముల చదువబడినది. ఆ యేడే ఫ్లోరిడా జట్టు, యాంకీస్ జీతములలో మూడవ వంతు మాత్రమే యిచ్చి, వారినే ఓడించి కప్పు గెలిచినది. 2001 మొదలు 2023 వఱకు ఇరువదిమూడేండ్లలో 16 జట్లు వేర్వేఱుగా కప్పు గెలిచినవి. ఒక్క జట్టును వరుసగా రెండేండ్లు గెలువలేదు.

ఇది విని మన పెద్దలు సంతోషింతురని నాకు తెలియును. పదునొకండు అక్షౌహిణుల దుర్యోధనుడు ఓడినాడు, ఏడు అక్షౌహిణుల ధర్మరాజు గెలిచినాడు. సేనతో నేమి పనియని వెంటనే అందురు. నాకును భారతముపై మీకున్నంత ప్రీతి కలదు. కాని ఒక్క కురుక్షేత్రమును చూచి సూత్రము కట్టరాదు. ఆ యుద్ధమే 162 మాఱులు జరిగియుండిన, ఆ నాలుగు అక్షౌహిణుల తేడా ఎన్నిసార్లు పైకి తేలియుండునో ఆలోచింపుడు.

బేస్‌బాలులోని మర్మము సరిగా అదియే. ఈ ఆటలో ఉత్తమమైన జట్టు కూడ ఏడాది పొడుగున పది ఆటలలో ఆఱు గెలిచిన గొప్ప. అధమమైన జట్టు సైతము సాధారణముగా మూడు నాలుగు గెలుచును. కావున అయిదు ఏడు ఆటల పోటీలో ఏమైనను జరుగవచ్చును. అది పాచికలాట వంటిది. ఓక్లండ్ వారు 2000 మొదలు 2003 వఱకు నాలుగేండ్లును అక్టోబరునకు వచ్చి, నాలుగేండ్లును మొదటి మెట్టుననే జాఱిపోయిరి. వారి లెక్కలు 162 ఆటలకు పనికివచ్చినవి, అయిదింటికి పనికిరాలేదు. కప్పు ఎవరు గెలిచిరను దానినే చూచువాడు పాచికలను లెక్కించుచున్నాడు. ఏడాది వెంబడి ఏడాది అక్టోబరు గడప త్రొక్కువారెవరు, త్రొక్కలేనివారెవరు అని చూచినపుడు ధనము కనబడును.

2000 సంవత్సరమున బేస్‌బాలు అధిపతి నలుగురు పెద్దమనుష్యులతో విచారణ చేయించెను. యేల్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు, మాజీ సెనేటరు ఒకరు, దేశపు కేంద్ర బ్యాంకునకు అధ్యక్షత వహించిన యొకరు, పత్రికా రచయిత యొకరు. 1995 మొదలు 1999 వఱకు అయిదేండ్ల లెక్కలు తీసి, జీతములలో మొదటి నాల్గవ వంతునకు చేరిన జట్లు తప్ప మఱి యే జట్టును వరల్డ్ సీరీస్‌లో ఒక్క ఆటయైనను గెలువలేదని వారు తేల్చిరి. తరువాతి యేండ్లలో పరిస్థితి కొంత సడలినమాట నిజము, పూర్తిగా సడలలేదు.

అట్లయిన ధనము కొనునదేమి? నా యెఱుకలో, అది పొరపాటు చేయుటకు హక్కును కొనును. చూడుడు. 2023లో అంత అవమానము పొందిన మెట్స్ వారు మఱుసటి యేటి చివరనే సోటోకు ఆ మహాధనము నిచ్చిరి. 2025లో 83 గెలిచి 79 ఓడి మరల అక్టోబరు గడప త్రొక్కలేకపోయిరి. అయినను వారికేమి? యజమాని సంపన్నుడు, నగరము న్యూయార్కు. మఱియొక పందెము వేయుదురు. పది ఎకరముల మాగాణి గలవానికి ఒక పంట పోయిన అప్పుతో తీరును. ఎకరము కలవానికి ఒక పంట పోయిన ఎకరమే పోవును. ఇద్దఱకును వాన ఒకటియే, విత్తనములొకటియే, నేర్పును ఒకటియే కావచ్చును.

ఎకరము కలవాని కథ వినగోరినచో పిట్స్‌బర్గు నగరమును చూడుడు. ఉక్కు కొలుములతో పేరొందిన యూరు. ఈ ఆటలో క్రొత్తగా వచ్చిన యువకుడు మొదటి ఆఱేండ్లు తనను చేర్చుకొన్న జట్టుననే యుండవలెను. అందు మొదటి మూడేండ్లు కనీసపు జీతమునకు కొంచెము ఇటునటుగా ఆడును. ఆఱేండ్లు నిండిన పిదప తన యిష్టము వచ్చిన చోటికి పోవచ్చును. బీదజట్టు మొక్క నాటి, నీరు పోసి, దడి కట్టి పెంచును. చెట్టు కాపునకు వచ్చునప్పటికి పండ్లు వేఱొకని గంపకు పోవును. బ్యారీ బాండ్స్ అట్లే 1992 డిసెంబరులో పిట్స్‌బర్గును విడిచి, సుమారు 4 కోట్ల 40 లక్షల డాలర్లకు శాన్ ఫ్రాన్సిస్కో చేరెను. అంతవఱకు మూడేండ్లు వరుసగా అక్టోబరునకు వచ్చిన జట్టు అది. ఆ పిమ్మట 1993 మొదలు 2012 వఱకు వరుసగా ఇరువదియేండ్లు, గెలుపులకంటె ఓటములే యెక్కువ. బాండ్స్ పోకడ యొక్కటియే కారణమని నేననను. నడపినవారి అసమర్థతయు చాల గలదు. కాని అసమర్థులు న్యూయార్కులోను ఉన్నారని ఇంతకుముందే చూచితిమి. 1993లో పిట్స్‌బర్గున పుట్టిన పసివాడు, తండ్రి భుజముపై నెక్కి ఆట చూచిన వాడు, మీసములు వచ్చి ఇరువదవ యేట పడువఱకు తన యూరి జట్టునకు ఒక్క మంచి యేడును చూడలేదు. ప్రతి వసంతమునందును వాని యాశ వేసవి రాకమున్నే వాడిపోయెను. అన్యాయమను మాటకు అర్థము నాకు ఇచ్చట తోచుచున్నది.

ఆ అన్యాయమునకు మూలము జీతములలో నున్నదా? పెక్కుమంది ఇచ్చట తప్పుదారి పట్టుదురు. జీతము ఫలము, వేరు వేఱొకచోట నున్నది. దేశమంతటికిని కలిపి అమ్మిన టెలివిజను హక్కుల సొమ్మును 30 జట్లును సమానముగా పంచుకొందురు. కాని తమ తమ ప్రాంతములలో అమ్ముకొను హక్కులు ఎవరివి వారివే. 2013లో డాడ్జర్స్ వారు ఇరువదియైదేండ్లకు 835 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనిరి. మిల్వాకీ వంటి చిన్న నగరపు జట్టునకు అట్టి ఒప్పందము కలలోని వార్త. ఆ భేదము ఆటగాండ్ర నేర్పువలన రాలేదు, యజమాని తెలివివలనను రాలేదు. చుట్టునున్న జనసంఖ్యవలన వచ్చినది. కాలువ మొదట పొలమున్నవాడు తాను గొప్ప రైతుననుకొనుట వంటిది. పైగా, ఆడుటకు ఇద్దఱు కావలెను గదా! మిల్వాకీ వారు రాకున్న డాడ్జర్స్ వారు ఎవరితో ఆడి ఎవరికి చూపుదురు? ఆట ఇద్దఱిది, రాబడి ఒక్కనిది. ప్రాంతీయపు రాబడిలో సగమునకు కొంచెము తక్కువ భాగమును ఉమ్మడిలో వేసి పంచుకొను పద్ధతి యిప్పుడు గలదు. తక్కిన భాగమే కొండంత అంతరమును నిలుపుచున్నది.

2025లో ఆ మిల్వాకీ వారే అందఱికంటె ఎక్కువగా 97 ఆటలు గెలిచిరి. అక్టోబరులో డాడ్జర్స్ వారితో తలపడి వరుసగా నాలుగును ఓడిరి. నాలుగవ ఆటలో ఓటాని తానే బంతి విసరి పదుగురిని వెనుకకు పంపి, తానే కొట్టి మూడుసార్లు బంతిని సరిహద్దు దాటించెను. అట్టి మనుష్యుని చూచుటకు రెండు కన్నులు చాలవు. ఆతని ప్రతిభకు నేను చేయెత్తి మ్రొక్కెదను. కాని ఆతడు మిల్వాకీలో ఎన్నటికిని ఆడడను సంగతియు మఱువను.

అమెరికాలోనే మఱియొక ఆట కలదు. వారు దానిని ఫుట్‌బాలందురు. కాలితో తన్నుట అందు తక్కువ, కుమ్ములాట ఎక్కువ. అందులో గ్రీన్ బే యను సుమారు లక్ష జనాభా గల చిన్న యూరి జట్టు మహానగరముల జట్లతో సమానముగా నిలిచి, 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ యను కడపటి పోటీ గెలిచినది. దేశవ్యాప్తముగా వచ్చు టెలివిజను సొమ్మును వారు సమానముగా పంచుకొందురు; ప్రాంతమునకు ప్రాంతము అమ్ముకొనునది స్వల్పము. జీతములకు 1994 నుండి హద్దును గలదు. మన దేశపు క్రికెట్టు లీగులోను వేలమునకు ప్రతి జట్టునకు ఒకే సంచి. 2025 యేటి ఆటలకు జరిగిన వేలమున అది 120 కోట్ల రూపాయలు. 2008లో అట్టడుగున నిలిచిన హైదరాబాదు డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలిచిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును.

అట్లయిన బేస్‌బాలులోను జీతములకు హద్దు పెట్టవచ్చును గదా యని యజమానులు చిరకాలముగా కోరుచున్నారు. 1994లో దీనికొఱకే పట్టుపట్టగా ఆటగాండ్రు సమ్మె చేసిరి; ఆ యేడు వరల్డ్ సీరీసే జరుగలేదు. ఆటగాండ్రకు అంత మొండితనమెందుకని అడుగువారు పూర్వకథను ఎఱుగవలెను.

1879లో మొదలైన యొక నిబంధనవలన, దాదాపు నూఱేండ్లు, ఆటగాడు ఒకసారి ఒక జట్టున సంతకము చేసినచో జీవితాంతము వారి సొత్తు. వారు అమ్మవచ్చును, మార్చుకొనవచ్చును. వాడు మాత్రము పోరాదు. మన వెట్టి పాలేరు కథయే. 1969లో సెయింట్ లూయిస్ జట్టు, తమవద్ద పండ్రెండేండ్లు ఆడిన కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి ఆటగానిని ఫిలడెల్ఫియాకు బదలాయించినది. తాను కొని యమ్ముకొను వస్తువును కానని ఆతడు అధిపతికి జాబు వ్రాసి, వ్యాజ్యెము వేసెను. జీతమప్పటికి యేటికి 90 వేల డాలర్లు. ఊరక యుండిన సుఖముగా బ్రదికెడివాడు. 1972లో సుప్రీం కోర్టు అయిదుగురు మూవురుగా చీలి అతనికి ప్రతికూలముగా తీర్పు చెప్పినది. అతని ఆట అప్పటికే ముగిసినది. 1975 డిసెంబరులో మఱియిద్దఱు ఆటగాండ్ర తగవున మధ్యవర్తి యిచ్చిన తీర్పుతో ఆ సంకెల తెగినది.

సంకెల యున్న దినములలో సమానత్వము వెల్లివిరిసినదా? 1947 మొదలు 1964 వఱకు పదునెనిమిదేండ్లలో యాంకీస్ జట్టు పదునైదుసార్లు వరల్డ్ సీరీస్‌నకు చేరి, పదిసార్లు గెలిచినది. అంతటి యేకచ్ఛత్రాధిపత్యము స్వేచ్ఛ వచ్చిన తరువాత ఏ జట్టునకును దక్కలేదు. జీతములు తక్కువగా నున్నప్పుడును కలవాడే గెలిచెను. ఆ లాభము ఆటగానికి పోక యజమాని పెట్టెలో పడెను, అంతియే భేదము. 1965లో, ముందటి యేడు వెనుకబడిన జట్టు క్రొత్త కుఱ్ఱవాండ్రను ముందుగా ఎన్నుకొనునట్లు నియమము వచ్చినది. యాంకీస్ అప్పటికే జాఱుచుండెను. 1966లో పది జట్లలో పదవదై నిలిచినది. ఒక్క నియమముననే అట్లయినదనుట అతిశయోక్తి. అయినను వేరుకు పోసిన నీరు ఎట్టిదో కొంత తెలియును.

బీదజట్ల యజమానులను గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. ఉమ్మడినుండి వచ్చిన సొమ్మును వారందఱును జట్టునకే వెచ్చించుచున్నారా? పిట్స్‌బర్గు లెక్కలు 2010లో బయటపడగా, ఓడుచున్న 2007, 2008 సంవత్సరములలో ఆ సంస్థకు 2 కోట్ల 90 లక్షల డాలర్లకు మించిన లాభము మిగిలినట్లు తేలినది. 2018లో ఆటగాండ్ర సంఘము పిట్స్‌బర్గు, మయామీ, టాంపా బే, ఓక్లండ్ జట్లపై, పంచిన సొమ్మును ఆటకై వాడలేదని ఫిర్యాదు చేసినది. ఓక్లండ్ కథ మఱింత దుఃఖకరము. తెలివితో ధనమును గెలిచినదని లోకము కొనియాడిన ఆ జట్టు, ఆటస్థలమును గూర్చిన పేచీలు తెగక, 1968 నుండి తనను పోషించిన యూరిని 2024 సెప్టెంబరులో విడిచిపోయినది. కడపటి ఆటనాడు వృద్ధులు సైతము గ్యాలరీలలో కన్నీరు పెట్టుకొనిరి.

కావున నేను జీతములకు హద్దు పెట్టుడని చెప్పను. రాబడిని ఇంకను ఎక్కువగా పంచుడని చెప్పుదును. పంచుకొన్నవాడు ఇంత సొమ్ము ఆటగాండ్రకు వెచ్చింపవలెనని కనీసపు హద్దు పెట్టుడని చెప్పుదును. పై హద్దు కోరువారు చాలమంది గలరు, క్రింది హద్దు మాట యెత్తినచో వారిలో పలువురు నిశ్శబ్దులగుదురు. 2022లో కుదిరిన ఒప్పందమునకు 2026 డిసెంబరు 1వ తేది గడువు. ఆ బల్లవద్ద కూర్చుండువారికి మొదటి చిక్కు ఏమనగా, అట్లాంటా జట్టు వాటాలు బహిరంగముగా అమ్ముడుపోవునవి గావున దాని చిట్టాలు ఎవరైనను చూడవచ్చును. తక్కిన యజమానులలో చాలమంది తమ పద్దులు మూసికొని కూర్చున్నారు. ఉమ్మడి చెఱువునకు గట్టు వేయుదమని పిలిచినవాడు తన పొలమునకు ఎన్ని తూములున్నవో చెప్పననిన, ఆ పంచాయతీ ఎట్లు సాగునో పెద్దలు మీరే ఎఱుగుదురు.

నాకిచ్చిన కాలము ముగిసినది. సెలవు.